గాలికి పని చెప్పినవాళ్ళు

మన భాషలో గాలికి మంచి పేరు లేదు. పనికిరాని మాటలు గాలిమాటలు. పనిలేని తిరుగుడు గాలితిరుగుడు. కట్టకుండానే కూలిపోయే ఇళ్ళు గాలిమేడలు. చివరికి దానధర్మాల్లో కూడా 'గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం' అన్నారు. అంటే గాలి మన పిండిని ఎగరేసుకుపోయేదే గాని, మనకు పిండి విసిరిపెట్టేది కాదన్నమాట!

అలాంటి గాలికి పని చెబుదామని పోయిన వేసవి సెలవుల్లో మా అబ్బాయికి బుద్ధి పుట్టింది. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి, ఇల్లు పీకి పందిరి వేస్తున్న రోజులవి. ఎవరో వాడి చేతికో పుస్తకం ఇచ్చారు. ఆఫ్రికాలో మలావి అనే చిన్న దేశంలో విలియం కామ్‌క్వాంబా అనే కుర్రాడి కథ. కథ కాదు, జరిగిందే. అక్కడ పెద్ద కరువొచ్చింది. ఫీజు కట్టలేక వాడు బడి మానేయాల్సి వచ్చింది. లైబ్రరీలో ఒక పుస్తకంలో గాలిమర బొమ్మ చూశాడు. పాత సైకిలు, ట్రాక్టరు ఫ్యాను, ప్లాస్టిక్ గొట్టాలు పోగుచేసి, 2002లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఇంట్లో బల్బు వెలిగించాడు. తుక్కు ఏరుకుంటున్న రోజుల్లో ఊరివాళ్ళు వాడికి పిచ్చెక్కిందనుకున్నారట.

"మనింట్లో కరెంటు ఉంది కదరా!" అన్నారు మావారు పేపరు దించకుండానే.

"కరెంటుకు కాదు నాన్నా. నీళ్ళు తోడిస్తా. పెరట్లో పిచ్చుకల గిన్నెలోకి."

నిజామాబాద్‌లో మాది పాత ఇల్లు. వెనక కాస్త పెరడు, రెండు జామచెట్లు, ఒక మందారం, తులసికోట. ఆ పెరడు మర్నాటికల్లా వర్క్‌షాపు అయిపోయింది. సైకిలు షాపు నుంచి పాత చక్రం హబ్బు వచ్చింది, నూనె డబ్బాల రేకులు వచ్చాయి, ఇనుప గొట్టం వచ్చింది. నేను బి.ఏ. చదివినదాన్ని. స్పానరుకీ స్క్రూడ్రైవరుకీ తేడా ఇప్పటికీ తడుముకుంటాను. అంచేత వాడు రేకులు కోస్తుంటే, నేను నాకు చేతనైన పని చేశాను. చరిత్ర పుస్తకాలు తిరగేశాను.

మనుషులు గాలిచేత చేయించిన మొదటి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? పాట పాడించడం! క్రీస్తు శకం 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో హేరన్ అనే ఆయన, చిన్న గాలిచక్రం తిప్పి ఆర్గన్ వాయిద్యంలోకి గాలి ఊదే యంత్రాన్ని వర్ణించాడు. అది బొమ్మకు ఎక్కువ, యంత్రానికి తక్కువ. మావాడికి చెబితే పొంగిపోయాడు. "చూశావా అమ్మా, మొదటిది కూడా మోడలే!"

నిజంగా కష్టపడే గాలిమర పుట్టింది మాత్రం ఇరాన్ తూర్పు సరిహద్దు ప్రాంతంలో, సీస్తాన్‌లో. 10వ శతాబ్దంలో మసూదీ అనే అరబ్బు చరిత్రకారుడు దాన్ని గాలీ ఇసుకా ఉన్న దేశమన్నాడు. అక్కడ గాలే మరలు తిప్పుతుందనీ, గాలే నీళ్ళు పైకెత్తి తోటలు తడుపుతుందనీ రాశాడు. వెయ్యేళ్ళ కిందటే తోటలో గాలిమర! అక్కడ వేసవి మొదలుకుని వీచే గాలికి 'నూట ఇరవై రోజుల గాలి' అని పేరు. ఆ గాలిమరలు మనం బొమ్మల్లో చూసే హాలెండు గాలిమరల్లా ఉండవు. రంగులరాట్నంలా నిలువు ఇరుసు చుట్టూ తిరుగుతాయి. ఒక పక్క మట్టిగోడ కట్టి గాలిని ఆపుతారు. రెండో పక్కనుంచి వచ్చే గాలి మాత్రమే చెక్కలను నెడుతుంది. కింద తిరగలి రాళ్ళు తిరుగుతాయి. ఇరాన్‌లో నష్తీఫాన్ అనే ఊళ్ళో మట్టితో, కర్రతో కట్టిన అలాంటి మరలు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి.

మా గాలిమర మాత్రం నిలబడింది గాని, తిరగలేదు. కూడికగుర్తులా నాలుగు రేకులు బిగించి, గోడపక్కన నిలబెట్టాడు. గాలి వచ్చింది, రేకులకు కొట్టుకుంది, పోయింది. వాడు ముఖం వేలాడేసుకుని కూచున్నాడు.

మా అత్తమ్మ వసారాలో చాపమీద కూచుని ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. బోధన్ దగ్గర పల్లె ఆవిడది. చదువు రెండో తరగతి.

"తాటాకు గిరక ఎన్నడన్న చేసినవారా?" అంది మనవడితో. "దానికి వంకర పెడ్తం. వంకర లేకపోతే గాలికి పట్టు యాడ దొరుకుతది?"

అంతే! వంద పేజీల పుస్తకం చెప్పే సంగతి. రేకు గాలికి ఎదురుగా బల్లపరుపుగా ఉంటే, గాలి దాన్ని వెనక్కి నెడుతుందే గాని తిప్పదు. కొంచెం ఏటవాలుగా ఉండాలి. మర్నాడు నాలుగు రేకులకు బదులు ఎనిమిది, అన్నీ ఒకే వాలుగా బిగించారు నానమ్మా మనవడూ కలిసి. తిరిగింది. కాని, నీరసంగా, జ్వరమొచ్చి లేచినవాళ్ళు నడిచినట్టు తిరిగింది. కారణం పక్కింటి మూడంతస్తుల మేడ. గాలికి ఒక విచిత్రమైన లెక్క ఉంది. దాని వేగం రెట్టింపైతే బలం రెట్టింపు కాదు, 8 రెట్లు పెరుగుతుంది. వేగం సగమైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గాలిమరలన్నీ కొండలమీదా, బయళ్ళలోనూ, ఎత్తు స్తంభాలమీదా ఉంటాయి. మాదీ పదిహేను అడుగులు లేవాలి. అంత గొట్టం నిలబడాలంటే అడుగున బరువు ఉండాలి.

మావాడు పెరడంతా చూసి, తులసికోట వెనక ఉన్న ఇసుర్రాయిని పట్టుకున్నాడు. తిరగలి అంటారు చూడండి కోస్తావాళ్ళు, అదే. "ఇది ఎట్లాగూ ఎవరికీ పనికిరావట్లేదు కదా. దీన్ని పాతేద్దాం."

"దాన్ని ముట్టకు!" అని కేకేసింది అత్తమ్మ. ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

ఆ కేక దగ్గర మిమ్మల్ని కాస్త ఆపి, ఇంగ్లండు తీసుకుపోతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

గాలిమర యూరప్‌కు వచ్చింది 12వ శతాబ్దంలో. ఇంగ్లండులో 1185 నాటికే యార్క్‌షైర్‌లోని ఒక పల్లెలో గాలిమర ఉన్నట్టు రికార్డుంది. అప్పట్లో పిండి మరలు జమీందార్లవీ, మఠాలవీ. ఊళ్ళోవాళ్ళు తమ ధాన్యాన్ని ఆ మరకే తీసుకెళ్ళి, పిండిలో వాటా ఇచ్చుకోవాలి. 1191లో బెరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊళ్ళో హెర్బర్ట్ అనే మతాధికారి సొంతంగా గాలిమర కట్టుకున్నాడు. మఠాధిపతి శామ్సన్‌కు తెలిసి, కోపంతో అన్నం కూడా సయించలేదట. గాలి ఎవడబ్బ సొమ్మూ కాదు కదా, నా గింజలే నేను విసురుకుంటానన్నాడు హెర్బర్ట్. మఠాధిపతి వినలేదు. పీకేయమని పనివాళ్ళను పురమాయించాడు. వాళ్ళొచ్చేలోపే భయపడి ముసలాయన తానే విప్పించేసుకున్నాడు. గాలికి యజమాని లేడు గాని, మరకు ఉన్నాడు!

దానికన్నా నన్ను కదిలించింది సెయింట్ ఆల్బన్స్ కథ. 14వ శతాబ్దంలో అక్కడి మఠాధిపతి, ఊళ్ళోవాళ్ళు ఇంట్లో విసురుకుంటే మఠం మరకు రాబడి తగ్గుతుందని, ఇల్లిల్లూ వెతికించి తిరగళ్ళన్నీ లాక్కున్నాడు. ఊరికే లాక్కోలేదు. ఆ రాళ్ళను తన మఠంలో నేలకు పరిపించాడు, రోజూ తొక్కి నడవడానికి. యాభై ఏళ్ళు గడిచాయి. 1381లో ఇంగ్లండులో రైతులు తిరగబడినప్పుడు, ఆ ఊరివాళ్ళు మఠంలోకి జొరబడి, చేసిన పనుల్లో ఒకటి ఏమిటంటే, ఆ నేల తవ్వడం. తాతముత్తాతల తిరగళ్ళను పెళ్ళగించి, ముక్కలు చేసి, ప్రసాదం పంచుకున్నట్టు పంచుకుని ఇళ్ళకు తీసుకుపోయారు.

ఇది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. అత్తమ్మ కేక కూడా అలాంటిదే అనుకున్నాను. సాయంత్రం ఆవిడ పక్కన కూచుని కథంతా చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి మీకు. నా నవల ఒకదాంట్లో నాయిక తెల్లవారుజామున తిరగలి తిప్పుతూ పాట పాడే ఘట్టముంది. దాన్ని మెచ్చుకుంటూ చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ పాటల్లో ఎంత జీవితముందో అని నేను కూడా సభల్లో మాట్లాడాను.

అత్తమ్మ అంతా విని, "పాట పాడకపోతే నిద్రొస్తది బిడ్డా" అంది.

నేను ఏమీ అనలేకపోయాను.

తర్వాత తనే చెప్పింది. పద్నాలుగేళ్ళకు కాపురానికి వచ్చింది. ఇంట్లో పన్నెండు మంది. కోడికూతతో లేచి మూడు శేర్ల జొన్నలు విసరాలి. ఎదురుగా తోడికోడలు కూచుంటే సగం బరువు. ఆమె పురిటికి పోతే మొత్తం తనదే. పుట్టింట్లో కూడా అంతే. తల్లితోపాటు విసరడానికి కూచునేది. రాయి ఆగేసరికి బడి గంట కొట్టేసేవాళ్ళు. అలా రెండో తరగతి దగ్గర చదువు ఆగిపోయింది. ఇప్పటికీ ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే నన్ను పిలుస్తుంది. అది వాతనొప్పి అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

"మరి ఆ రాయిని ముట్టొద్దంటివి?"

"మా అమ్మ ఇచ్చిందది. సారె బండిల ఏసి పంపింది. కష్టం కష్టమే, అమ్మ అమ్మనే."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గాలిమర మన దక్కనుకు ఎందుకు రాలేదన్న ప్రశ్న అప్పటిదాకా నాకు పుస్తకంలో ప్రశ్న. మన గాలి సీస్తాన్ గాలంత బలమైంది కాదు, నిజమే. ఆషాఢ శ్రావణాల్లో ఉన్న ఊపు మాఘంలో ఉండదు. కాని, గాలి మనకు తెలియనిది కాదు. కల్లంలో చాటలతో వడ్లు ఎత్తిపోసి తూర్పారబట్టేటప్పుడు పొట్టును ఊదేది గాలే కదా! యంత్రమూ తెలియనిది కాదు. నైజాం రాజ్యంలోనే, మన ఊరిమీదుగా పోయే మన్మాడ్ రైలు దారిలోనే, ఔరంగాబాద్ ఉంది. అక్కడి దర్గాలో 18వ శతాబ్దపు పన్‌చక్కి ఉంది. కొన్ని మైళ్ళ దూరం నుంచి మట్టిగొట్టాల్లో నీళ్ళు తెచ్చి, ఆ నీటి తోపుతో తిరగలి తిప్పారు. అక్కడికొచ్చే ఫకీర్లకూ యాత్రికులకూ పిండి సిద్ధం. వందలమందికి వండాల్సిన చోట యంత్రం గుర్తొచ్చింది. పన్నెండు మంది ఇంట్లో ఎందుకు గుర్తురాలేదు? కోడలు ఉంది కనక! గాలికైనా గోపురం కట్టాలి, నీటికైనా కాలువ తవ్వాలి. కోడలికి ఖర్చేముంది? నా మటుకు నాకు దొరికిన జవాబు ఇదే.

మన జిల్లాలో నీటికి పని చెప్పిన కథ చాలా పెద్దది. మంజీరా నదిమీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్ళకు చెరుకు పెరిగింది. చెరుకు పెరిగినందుకు బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్ళు. అంతకుముందు ఎడ్లు తిప్పిన గానుగల పని, రాక్షసుల్లాంటి రోలర్లు చేశాయి. ఎడ్లకు విశ్రాంతి దొరికింది. మా అత్తమ్మ ఇంటివాళ్ళు ఆ ఫ్యాక్టరీకి బండ్లమీద చెరుకు తోలినవాళ్ళే. అంత యంత్రం పక్కనే, నాలుగు మైళ్ళ అవతల, తెల్లవారుజామున ఇసుర్రాయి మాత్రం తిరుగుతూనే ఉంది. (ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. దాని మౌనం వేరే కథ.)

అత్తమ్మ చేతికి విడుదల దొరికింది ఊళ్ళోకి డీజిల్ ఇంజనుతో గిర్ని వచ్చాక. టుక్ టుక్ మని దాని చప్పుడు మొదటిసారి విన్నప్పుడు, ఆడవాళ్ళంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారట. మగవాళ్ళు మాత్రం ఆరునెలలు సణిగారట, గిర్ని పిండి రొట్టెకు మాడు వాసన వస్తోందని.

"రుచి మంచిగ లేదంటే ఏమన్నవ్ అత్తమ్మా?"

"ఏమంట? రెండు రొట్టెలు ఎక్కువే తిన్నరు."

సరే, మా గాలిమర దగ్గరికి వద్దాం. ఇసుర్రాయి జోలికి పోకుండా, గొయ్యి తవ్వి, కంకర పోసి, గొట్టం నిలబెట్టారు. ఇప్పుడు ఎత్తు సరిపోయింది గాని, గాలి ఎటు తిరిగితే అటు చక్రం తిరగాలి కదా! హాలెండువాళ్ళు ఈ పని మనుషులతో చేయించారు. గాలి మళ్ళినప్పుడల్లా మరవాడు బయటికొచ్చి, మర తలకాయను గాలికి ఎదురుగా తిప్పేవాడు. అలాంటి మరలతోనే వాళ్ళు సరస్సులను తోడి పొలాలు చేసుకున్నారు. బేంస్టర్ అనే పెద్ద సరస్సు 1612కల్లా ఎండి నేల తేలింది. కిండర్‌డైక్ అనేచోట, ఎక్కువభాగం 18వ శతాబ్దానివే, 19 మరలు ఇంకా ఉన్నాయి. ఆ మరలకు ఒక భాష కూడా ఉంది. రెక్క పైకొసకు చేరకముందే ఆపితే ఇంట్లో శుభకార్యం, పైకొస దాటాక ఆపితే ఎవరో పోయారని గుర్తు. దూరం నుంచే ఊరంతా చదువుకునేది.

మనిషి అక్కర్లేకుండా తనే గాలికి ఎదురు తిరిగి, గాలి మరీ ఎక్కువైతే తనే తగ్గే గాలిమరను 1854లో అమెరికాలో డేనియల్ హాలడే చేశాడు. అక్కడి మైదానాల్లో రైతుల బావులకూ, రైలు ఇంజన్లకూ నీళ్ళు తోడిపెట్టింది అలాంటి మరలే. చూడ్డానికి రేకుల పువ్వులా ఉండి, వెనక తోక ఉంటుంది. మన దేశంలో కూడా 1960లలో బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీవాళ్ళు నీళ్ళు తోడే గాలిమర తయారుచేశారు. అనంతపురం జిల్లా రామగిరి కొండలమీద 1990లలో కరెంటు గాలిమరలు వచ్చాయి. మావాడు కూడా రేకుతో తోక కోసి తగిలించాడు. హబ్బుకు వంకర కడ్డీ బిగించి, గొట్టం లోపల నుంచి పొడుగాటి ఇనుప ఊచ కిందికి దించాడు. చక్రం తిరిగితే ఊచ పైకీ కిందికీ ఆడుతుంది. అడుగున నీళ్ళ తొట్టిలో చిన్న పంపు. దాని తలుపులు సైకిల్ ట్యూబు ముక్కలు.

అంతా అయ్యాక గాలి స్తంభించింది. పదకొండు రోజులు ఆకు కదలలేదు. పక్కింటివాళ్ళు గోడమీంచి చూసి నవ్వారు. అప్పుడు వాడికి జేమ్స్ బ్లైత్ సంగతి చెప్పి ఊరడించాను. స్కాట్లండులో ప్రొఫెసర్ ఆయన. 1887లో మేరీకర్క్ అనే ఊళ్ళో, తన సెలవుల ఇంటి తోటలో, గుడ్డ రెక్కల గాలిమర కట్టి ఇంట్లో దీపాలు వెలిగించాడు. గాలితో కరెంటు పుట్టించిన మొదటి ఇల్లు అదే అంటారు. మిగిలిన కరెంటు ఊరి వీధికి ఇస్తానంటే, అది దయ్యం పని, మాకొద్దన్నారు ఊరివాళ్ళు! ఆ మరుసటేడే అమెరికాలో చార్లెస్ బ్రష్ అనే ధనవంతుడు 56 అడుగుల చక్రానికి 144 దేవదారు రెక్కలు బిగించి, తన భవనం మొత్తానికి దీపాలు పెట్టుకున్నాడు. ఆయన్ని ఎవరూ దయ్యమన్నట్టు నేను చదవలేదు. డబ్బున్నవాళ్ళ దయ్యాలు కూడా దేవుళ్ళే కాబోలు!

జూన్‌లో మిరుగు వచ్చింది. మృగశిర కార్తెను ఇక్కడ అలా అంటారు. ఆ రోజు చేపలు తినాలని ఊరంతా బజారు మీద పడింది. మధ్యాహ్నం మబ్బు పట్టి, నైరుతి నుంచి గాలి లేచింది. జామకొమ్మలు ఊగాయి. పైన తోక అటూ ఇటూ తడుముకుని ఒక దిక్కున కుదురుకుంది. చక్రం కదిలింది, ఊపందుకుంది, రేకులు కలిసిపోయి గుండ్రటి పళ్ళెంలా కనిపించాయి. లోపల ఊచ టకటకమంది. గొట్టం కొసన ముందు బుడగలు, తర్వాత బొట్టు, తర్వాత సన్నటి ధార. మావాడు ఎగిరి గంతేశాడు. మావారు పేపరు దించి, చెప్పులు లేకుండానే పెరట్లోకి వచ్చారు.

అత్తమ్మ వసారా దిగి వచ్చి ధార కింద అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మనవణ్ణి పిలిచి, ఇసుర్రాయిని దొర్లించుకు రమ్మంది. ధార కింద రాయి పెట్టించి, దానిమీద పిచ్చుకల గిన్నె తనే సర్దింది.

ఇప్పుడు గాలిమర ఉన్న సంగతి మాకందరికీ అలవాటైపోయింది. గాలి వీచిన రోజు గిన్నె నిండుతుంది. గాలి లేని రోజు అత్తమ్మ ఎడమచేత్తో చెంబు పట్టుకెళ్ళి పోస్తుంది. మొన్న నేను చూసి, "అయ్యో, ఇవాళ గాలి లేదా?" అన్నాను.

"లేదు. ఇయ్యాల గాలికి సెలవు" అంది చెంబు వంచుతూ. "ఉండాలె బిడ్డా. పని చేసేటోళ్ళకు ఒక్కరోజన్న సెలవుండాలె."